ఇంటికన్నా ముందు పొరుగు

హడ్సన్ నదికి పడమటి గట్టున జెర్సీ సిటీ, తూర్పు గట్టున న్యూయార్క్ నగరపు మన్‌హటన్. నది అడుగున సొరంగాల గుండా నడిచే 'పాథ్' రైలు ఈ రెంటినీ కలుపుతుంది. 1908లో మొదలైన ఆ రైలు ఈనాటికీ రేయింబవళ్లు నడుస్తూనే ఉంది. ఆ గట్టున కొలువు చేస్తూ ఈ గట్టున కాపురం ఉండేవారు వేలాదిమంది. 2020 లెక్కల ప్రకారం జెర్సీ సిటీ జనాభా 2,92,449. గుజరాతీలు, తెలుగువారు, ఈజిప్టువారు, పాకిస్తానీలు, ఫిలిప్పీన్స్‌వారు, నల్లజాతీయులు - ఇందరు కలిసి బ్రతికే ఊళ్లు అమెరికాలో అరుదు.

మాలో ఒకరికి మన్‌హటన్ దక్షిణ భాగాన ఉద్యోగం కుదిరినందున, ఇద్దరు పిల్లలతో, వయసు మీరిన అత్తగారితో మేము ఈ ఊళ్లో ఇల్లు వెతికాము. రైలు దగ్గరగా ఉండాలి, మస్జిద్ నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి, అద్దె మా సంపాదనకు లోబడి ఉండాలి. ఈ మూడు కోరికలూ ఒక్కచోట నెరవేరడం సులభం కాదని త్వరలోనే తెలిసింది.

ముందుగా నదీతీరాన్ని చూశాము. ఒకప్పుడు అక్కడ రైల్వే యార్డులు, కర్మాగారాలు ఉండేవి. అవి మూతపడ్డాక, 1986 నుండి న్యూపోర్ట్ ప్రాంతంలో కొత్త నిర్మాణాలు లేచాయి. నేడు అద్దాల మేడలు, నది వెంబడి నడకదారులు, గుమ్మం ముందే రైలు. పిల్లలు కిటికీ వద్ద నుండి కదలలేదు. అయితే అద్దె మా శక్తికి మించినది. పైగా 2012 అక్టోబరులో శాండీ తుఫాను వచ్చినప్పుడు ఆ పల్లపు ప్రాంతంలోకి నీరు చొరబడింది. ఇల్లు వరద ముంపు ప్రాంతంలో ఉంటే అద్దెకు దిగేవారికి ఆ సంగతి తెలియజేయాలని న్యూజెర్సీలో 2024 నుండి చట్టమే అమలులో ఉంది.

తర్వాత దక్షిణాన ఉన్న గ్రీన్‌విల్‌కు వెళ్లాము. నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా నివసించే పేట అది. ఇళ్లు విశాలం, అద్దెలు తక్కువ. కాని పాథ్ రైలు అక్కడికి రాదు. 2000లో మొదలైన లైట్ రైలులోనో బస్సులోనో కొంత దూరం వెళ్లి పాథ్ ఎక్కాలి. ఇంటి పెద్ద మగ్రిబ్ వేళకైనా పిల్లల నడుమ ఉండాలన్న మా ఆశకు ఆ దూరం అడ్డుపడింది.

చివరకు గుట్ట మీది జర్నల్ స్క్వేర్‌కు చేరాము. ఇక్కడి నుండి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు రైలులో సుమారు పావుగంట. పక్కనే న్యూఆర్క్ అవెన్యూలో భారతీయుల దుకాణాల వరుస ఉంది. చుట్టుపక్కల హలాల్ మాంసం కొట్లు, నడక దూరంలో మస్జిద్. ఉర్దూలో పలకరించేవారు దొరికారని అత్తగారి ముఖం వికసించింది. ఈ వీధి ఊరికే ఏర్పడలేదు. 1987లో ఈ ఊళ్లో భారతీయులను వెంటాడి కొట్టే ముఠా ఒకటి బయలుదేరింది. పొరుగున ఉన్న హోబోకెన్‌లో ఒక భారతీయ యువకుణ్ణి కొట్టి చంపారు. ఆ భయంలోనూ ఇల్లు వదలక దుకాణాలు నిలబెట్టుకున్నవారి వీధి ఇది. ఇప్పుడు దాని పక్కనే పొడవాటి మేడలు లేస్తున్నాయి, అద్దెలూ వాటితోపాటే లేస్తున్నాయి.

అక్కడ ఒక ఇల్లు మాకెంతో నచ్చింది. యజమాని కింద ఉంటూ పై వాటా అద్దెకిస్తున్నాడు. గోడ మీద పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు ఏడాది వెంట ఏడాదిగా కనబడ్డాయి. అడిగితే, పదకొండేళ్లున్న కుటుంబం పెంచిన అద్దె ఇవ్వలేక వెళ్లిపోయిందని అతడే చెప్పాడు. రైలెక్కే ఉద్యోగులు ఆ సొమ్ము ఇస్తారని అతని లెక్క. ఆ ఉద్యోగులం మేమే.

ఆ రాత్రి మా ఇంట్లో దీని మీద చాలాసేపు మాట సాగింది. మనం కాదంటే మరొకరు చేరతారు, వెళ్లినవారు తిరిగి రారు కదా అన్నది ఒక మాట. అత్తగారు మాత్రం, ఇల్లు చూడకముందు పొరుగు చూడమని పెద్దలు చెప్పింది మంచి పొరుగు దొరకాలనే కాదు, మనమూ మంచి పొరుగు కావాలని కూడా అన్నారు. పొరుగువారి హక్కు గురించి ప్రవక్త (స) ఎంతగా తాకీదు చేశారో మన పిల్లలకు కూడా తెలిసినదే. ఆ హక్కు మనం సామాను దింపిన నాటి నుండి కాదు, ఇల్లు ఎంచుకునే నాటి నుండే మొదలవుతుందని మాకు తోచింది.

అప్పుడు చట్టం చదివాము. అయిదు వాటాలకు తక్కువ కాని పాత భవనాలలో ఈ నగరపాలక సంస్థ అద్దెకు కళ్లెం వేసింది. ఏడాదికి 4 శాతం గాని ధరల పెరుగుదల గాని, ఏది తక్కువైతే అంతకు మించి పెంచరాదు. కొత్త భవనాలకు 30 ఏళ్ల వరకు మినహాయింపు ఉంది. తగిన కారణం లేనిదే అద్దెదారును ఖాళీ చేయించరాదని 1974 నాటి రాష్ట్ర చట్టం చెబుతోంది. కాని యజమాని తానుంటూ ఒకటి రెండు వాటాలు అద్దెకిచ్చే ఇంటికి అది వర్తించదు. అడ్వాన్సు నెలన్నర అద్దెకు మించి అడగరాదు.

మేము అద్దె కట్టడి ఉన్న పాత ఇటుక భవనంలో చేరాము. వంటగది ఇరుకు, మెట్లు ఎక్కువ. కాని మేమెంత ఇవ్వగలమన్నదాన్ని బట్టి పక్క వాటావారి అద్దె పెరగదు. పిల్లలను పేటలోని ప్రభుత్వ పాఠశాలలోనే చేర్చాము. సరుకులు వీధి కొట్లలోనే కొంటున్నాము. భవనంలోని అద్దెదారుల సమావేశాలకు వెళుతున్నాము. రమజానులో ఎదుటి వాటాలోని ఈజిప్టు కుటుంబంతో ఇఫ్తారు పళ్లేలు ఇచ్చిపుచ్చుకున్నాము. వారు ఈజిప్టు క్రైస్తవులు. అయినా పళ్లెం ఒక్కనాడూ ఖాళీగా తిరిగి రాలేదు.

హైదరాబాదు టోలిచౌకిలోనో, మరే మహానగరంలోనో ఇల్లు వెతికే కుటుంబాలకు మేము చెప్పగలిగింది ఇంతే. రైలు ఎంత దూరమో, మస్జిద్ ఎంత దూరమో తప్పక కొలవండి. ఆ ఇల్లు ఎందుకు ఖాళీ అయిందో కూడా ఒక్కమాట అడగండి.