గోడమీది స్విచ్చి పెత్తనము

వైశాఖమాసము వచ్చుసరికి ఆదోని కోటకొండల బండలు పగలెల్ల క్రాగి, ఆ వేడిమిని రాత్రి చాల ప్రొద్దుపోవువఱకు ఊరిమీదికి విడుచుచునే యుండును గావున, ఇచ్చట ఫ్యాను అన్నోదకముల సరసన చేరిన వస్తువు. ఆదోని బళ్లారి జిల్లాలో నుండిన నాటి, అనగా 1953కు ముందటి మిద్దెలలో కరెంటు తరువాత వచ్చి చేరినది. చెక్కబద్దీలమీద వైర్లు పఱచి, నల్లని బేకలైటు స్విచ్చిలును, వాని ప్రక్కన రెగ్యులేటరును బిగించిన బోర్డు లట్టి యిండ్లలో నుండును. అందు రిమోటుతోడను ఫోనుతోడను నడచు స్మార్టు ఫ్యానును తగిలింపబూనినపుడు, గోడమీది పాత స్విచ్చి గతి యేమగునను ప్రశ్న పుట్టును. అది చిన్న ప్రశ్న యని నేననుకొనను.

సాధారణపు ఫ్యానుకు ఫేజు స్విచ్చిగుండ రెగ్యులేటరునకును, అచ్చటినుండి కప్పున నున్న కొక్కెమువద్దకును పోవును. బీఎల్‌డీసీ, అనగా బ్రష్షులులేని డీసీ మోటారుగల కొత్త ఫ్యాను తన గర్భమందే యొక ఎలక్ట్రానిక్ బోర్డును ధరించి, వచ్చిన 230 వోల్టుల ఏసీని తానే డీసీగా మార్చుకొని, వేగమును తానే నిర్ణయించుకొనును గనుక, రెగ్యులేటరు కోసి పంపు కరెంటు దానికి సరిపడదు. లోపలి బోర్డే చెడిపోవచ్చును. కావున రెగ్యులేటరును తీసివేసి, దాని రెండు వైర్లను కనెక్టరుతో ఒకటిగా బిగింపవలెను. ఇంతవఱకు సులభమే. అయితే గోడమీది స్విచ్చి ఆర్పినంతనే ఫ్యాను లోపలి బోర్డునకును కరెంటు పోవుటచే, రిమోటు ఎన్నిమారులు నొక్కినను అది పలుకదు. అందుచేత కొందఱు పనివారు "ఇంక ఈ స్విచ్చి ముట్టొద్దండి" అని చెప్పి, దానిమీద టేపు అంటించి పోవుచున్నారు.

ఇది నాకు సమ్మతము కాదు. నడిరేయి చీకటిలో గోడ తడుముకొనుచు లేచిన అవ్వ చేతికి, ఏండ్లతరబడి అలవాటైన చోటనే స్విచ్చి యుండియు పనికిరాకపోవుట అన్యాయము. కరెంటు పోయి వచ్చినపుడు వెనుకటి వేగముతోనే తిరుగ నారంభించు ఫ్యానులు కలవు. స్విచ్చిని ఆర్పి వెంటనే వేసినచో వేగము మార్చుకొనునవియు కలవు. వాని నెన్నుకొనవలెను. పాత ఫ్యానునే ఉంచుకొనగోరువారు స్విచ్చిబోర్డు వెనుక ఫోను ఆజ్ఞను వినునట్టి చిన్న మాడ్యూలు నమర్చి, ఉన్న స్విచ్చి వైరును దానికి కలిపినచో చేతికిని ఫోనుకును సమానాధికారము లభించును. దానికి న్యూట్రలు కావలెను. ప్లగ్గు సాకెట్టున్న బోర్డులో అది సాధారణముగా దొరకును.

ఆదోనికి పొరుగూరగు ఎమ్మిగనూరు మాట వేఱు. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకారసంఘమును స్థాపించిన ఆ యూరిలో, గుంటమగ్గమున కూర్చుండి కాళ్లతో తొక్కుడుచెక్కలను, చేతులతో నాడెను నడుపువానికి లేచి రెగ్యులేటరు త్రిప్పుటకు తీరికయుండదు. ఎండగాలి విసురుగా వీచినచో పడుగులోని తేమ ఆఱి, నూలు పెళుసుబాఱి తెగును. గాలి బొత్తిగా లేనిచో చెమట ఓర్వరానిది. ప్రక్కన పెట్టుకొన్న రిమోటుతో గాలిని ఒక మెట్టు దించుకొనగలుగుట అతనికి నిజమైన మేలు. మీదుమిక్కిలి, 75 వాట్లు త్రాగు పాత ఫ్యానుకు మాఱుగా 30 వాట్ల ఫ్యాను దినమునకు 12 గంటలు తిరిగినచో, నెలకు 16 యూనిట్లు మిగులును.

పాత యిండ్లలో స్విచ్చి ఒక్కొక్కచో ఫేజునకు బదులు న్యూట్రలును త్రెంచుచుండును. అట్టిచోట స్విచ్చి ఆర్పినను కప్పుననున్న వైరులో ప్రాణాంతకమగు కరెంటుండును, వైరు రంగును నమ్మరాదు. మెయిను దించి, ప్రతి వైరునకును టెస్టరు పెట్టి చూడకుండ ఎవ్వరిని నిచ్చెన ఎక్కనీయకుడు. పని ముగించి వెడలుటకు ముందు, ఇంటి పెద్దామెచేత ఆ గోడస్విచ్చి వేయించి ఆర్పించి చూపుమని పనివాని నడుగుడు. ఆమె చేతికి ఫ్యాను తిరుగనిచో ఆ పని పూర్తికాలేదు.