లేచి, కడుక్కుని, తిని...

జపనీస్ నేర్చుకునేవారు మొదట చెప్పగలిగేది తమ రోజు గురించే: ఎన్నింటికి లేస్తారు, ఏం తింటారు, ఆఫీసుకు ఎలా వెళ్తారు. 'మిన్నా నో నిహోంగో' పాఠ్యపుస్తకంలో 4వ పాఠం గంటలు, లేవడం, పడుకోవడం, 5లో రాకపోకలు, 6లో తిండి. జపాన్‌కు ఉద్యోగానికి వచ్చిన తెలుగువారు వీటిని ఇంగ్లీషు మీదుగా చదివితే లేని కష్టాన్ని కొనితెచ్చుకున్నట్టే.

'రొకుజి ని ఒకిమస్' అంటే 'ఆరు గంటలకు లేస్తాను'. రొకుజి ఆరు గంటలు, 'ని' మన 'కు', ఒకిమస్ లేస్తాను. మాటల వరుస కూడా మారలేదు. రాతలో చివర 'సు' ఉన్నా పలుకులో 'స్' దగ్గరే ఆగుతుంది. 'రోజూ లేస్తాను' అన్నా, 'రేపు లేస్తాను' అన్నా తెలుగులో క్రియ ఒకటే, జపనీస్‌లోనూ అంతే. పైగా నేను, ఆమె, వాళ్లు అనే తేడా ఒకిమస్‌కు లేదు. గంటల దగ్గర మాత్రం బట్టీ తప్పదు: నాలుగు 'యొన్', నాలుగు గంటలు 'యొజి', తొమ్మిది 'క్యూ', తొమ్మిది గంటలు 'కుజి'.

ఆఫీసుకు వెళ్తాను అనడానికీ 'కైష ని ఇకిమస్', అదే 'ని'. రోజూ (మైనిచి), రేపు (అషిత) అన్న మాటలకు తెలుగులో 'కు' రాదు, అక్కడ 'ని' రాదు. ఈ పోలికను నమ్ముకుని ఆదివారం దగ్గర తప్పు చేస్తారు. అక్కడ మామూలుగా 'నిచియోబి ని' అంటారు. అసలు తికమక 'లో'తో. ఇంట్లో ఉండటం 'ఉచి ని ఇమస్', ఇంట్లో తినడం 'ఉచి దె తబెమస్'. ఊరికే ఉండే చోటుకు 'ని', పని జరిగే చోటుకు 'దె'. స్నేహితుణ్ణి కలవడం 'తొమొదచి ని ఐమస్'; ఇక్కడ తెలుగు అడ్డమే వస్తుంది.

బట్టల సంగతి ఇంకొంచెం వింత. చొక్కాకు 'కిమస్', ప్యాంటుకూ బూట్లకూ 'హకిమస్', టోపీకి 'కబురిమస్', కళ్లజోడుకు 'కకెమస్'. మాత్ర వేసుకోవడానికి 'నొమిమస్', అంటే తాగడం. 'గొహన్' అంటే అన్నం, భోజనం కూడా. పొద్దున ఇడ్లీ తిన్నా అది 'అసగొహనే'. 'అన్నం తిన్నావా' అని పలకరించేవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

పనులను వరుసగా చెప్పే 'తె' రూపం 14వ పాఠంలో వస్తుంది, గొలుసు కట్టడం 16లో. 'ఒకితె, కఒ ఒ అరత్తె, అసగొహన్ ఒ తబెతె, కైష ని ఇకిమస్': లేచి, ముఖం కడుక్కుని, టిఫిన్ తిని, ఆఫీసుకు వెళ్తాను. ఇంగ్లీషు 'అండ్'లు వెతుక్కునే చోట తెలుగుకు 'లేచి', 'తిని' ముందే ఉన్నాయి. ఆ రూపం కట్టడంలోనే శ్రమ: నొమిమస్ 'నొందె' అవుతుంది, ఇకిమస్ 'ఇత్తె' అవుతుంది. ఇల్లు దాటేటప్పుడు అనే 'ఇత్తె కిమస్'లో ఉన్నది ఇదే. మాటకు మాట 'వెళ్లొస్తాను'. లోపలివాళ్లు 'ఇత్తెరష్షై' అంటారు, వెళ్లి రండి అని.

స్నానం తెలుగువాడి రోజులో టిఫిన్‌కు ముందుంటుంది, జపాన్‌లో ఎక్కువగా రాత్రికి వెళ్తుంది. షవర్ అయితే 'షవా ఒ అబిమస్'. తొట్టె అయితే 'ఒఫురొ ని హైరిమస్', అందులోకి దిగుతాను అని. ఒళ్లు రుద్దుకోవడం బయటే అయిపోవాలి, తొట్టె నీళ్లు ఇంటిల్లిపాదికీ కదా. ఆ తర్వాత మిగిలింది 'జూఇచిజి ని నెమస్', పదకొండింటికి పడుకుంటాను.