నాలుగడుగుల బాల్కనీలో కుర్చీ

హైదరాబాదు అపార్ట్‌మెంట్లలోని ఇరుకు బాల్కనీకి కుర్చీని ఎంచుకునేటప్పుడు అందం కన్నా ముందు కొలత లెక్కకు వస్తుంది. ఎందుకంటే బట్టలారేసే తీగ, తులసి కుండీ, వాషింగ్ మెషీన్ తమ వాటా తీసుకోగా మిగిలేది మోకాళ్లు ముడుచుకునేంత చోటే. కొలత తర్వాత చూడవలసింది మన్నిక. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అనగా కంటికి కనిపించని తీక్ష్ణ కాంతి, ప్లాస్టిక్‌లోని పొడవాటి అణుగొలుసులను తెంచివేయడం వల్ల కుర్చీ వెలిసి, చేత్తో రుద్దితే తెల్లటి పొడి రాలి, చివరకు ఒకనాడు దాని కాలు పుటుక్కున విరుగుతుంది. పేము కుర్చీ చూడముచ్చటైనదే గాని వానజల్లుకు అల్లిక వదులవుతుంది. సహజమైన నూనె గల టేకు, ధర మాట అటుంచితే, ఎండావానలను చాలాకాలం ఓర్చుకుంటుంది. పగలు గోడకు నిలబెట్టి రాత్రి వాల్చుకునే నులకమంచం ఈ చోటు చిక్కును పల్లెల్లో ఏనాడో తీర్చింది. అయితే దానిని లిఫ్టులో పట్టించడమే కష్టం.