పట్టాయు సన్నదును

బరంపురమున ఒక న్యాయవాది గారి కచ్చేరిలో 35 సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి విరమించితిమి. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. అట్టి మేము అమెరికా న్యాయశాస్త్ర పట్టమునకు ఐరోపాలో గల విలువను గూర్చి వ్రాయబూనుట వింతగా తోపవచ్చును. మా కుమార్తె నిమిత్తమై ఈ విషయమును నేర్వవలసి వచ్చినది.

ఆమె కటకమున న్యాయశాస్త్రము చదివి, పిమ్మట అమెరికాలో ఒక సంవత్సరపు ఎల్.ఎల్.ఎం. ముగించెను. అందులకై ఇల్లు బ్యాంకునకు తాకట్టు పెట్టితిమి. న్యూయార్కు రాష్ట్రపు న్యాయవాద పరీక్షలో ఉత్తీర్ణురాలై సన్నదు పొందినప్పుడు మా కష్టములు గట్టెక్కినవని తలచితిమి. కాని ఉద్యోగ వీసాకై తీయు చీట్లలో ఆమె పేరు రాలేదు. గడువు ముగియగానే పారిసునకు పోయి, ఒక న్యాయవాదుల సంస్థలో కాగితములు సరిచూచు చిన్న కొలువున చేరెను.

అది విని మాకు ఆగ్రహము కలిగెను. “ఇంత అప్పు చేసి చదివించినది గుమాస్తా పని చేయుటకా?” అని ఫోనులో కఠినముగా పలికితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “నాన్నగారూ, ఆ పని చేసియే కదా మీరు నన్ను చదివించినారు?” అనెను. మాకు నోట మాట రాలేదు.

తరువాత ఆమెయే నెమ్మదిగా వివరించెను. పట్టా వేరు, సన్నదు వేరు. చదువు మనిషి వెంట ఎచ్చటికైనను వచ్చును. కోర్టులో నిలిచి వాదించు అధికారమును మాత్రము ఏ దేశమునకు ఆ దేశమే ఇచ్చును. ఐరోపా సమాఖ్య 1998లో చేసిన శాసనము వలన ఒక సభ్యదేశపు న్యాయవాది మరియొక సభ్యదేశమున తన బిరుదుతోనే వృత్తి సాగింపవచ్చును. అమెరికా సన్నదునకు ఆ సౌకర్యము లేదు. జర్మనీలో అమెరికా న్యాయవాది అచ్చటి న్యాయవాదుల మండలిలో చేరి, తన దేశపు చట్టమును, అంతర్జాతీయ న్యాయమును గూర్చి మాత్రమే సలహా చెప్పవచ్చును. ఇంగ్లండు ద్వారము కొంత సులువు. 2021లో మొదలైన సొలిసిటర్ల పరీక్షను పరదేశ న్యాయవాదులును వ్రాయవచ్చును. మొదటి భాగమున 360 ప్రశ్నలుండును. కాని బ్రిటను 2020లో సమాఖ్యను వీడుటచే ఆ బిరుదు పారిసున మునుపటివలె చెల్లదు. ఫ్రాన్సున పరదేశ న్యాయవాదులకు వేరొక పరీక్ష కలదు. అది ఫ్రెంచి భాషలో వ్రాయవలెను.

“మరి అమెరికా చదువు దేనికి పనికివచ్చును?” అని అడిగితిమి. “మధ్యవర్తి తీర్పులకు” అనెను. వేర్వేరు దేశముల వర్తక సంస్థలు పెద్ద తగవులను తరచుగా కోర్టులకు పోక మధ్యవర్తుల ముందు తీర్చుకొనును. 1923లో వెలసిన అంతర్జాతీయ వాణిజ్యమండలి మధ్యవర్తిత్వ న్యాయస్థానము పారిసుననే కలదు. అట్టి వ్యవహారములలో వాదించుటకు ఫ్రాన్సు సన్నదు ఉండి తీరవలెనను నియమము లేదు. ఆంగ్లమున వాదములు వ్రాయగలిగి, న్యూయార్కు చట్టము తెలిసినవారికి అచ్చట పని దొరకును.

ఇదంతయు వినుచుండగా మా పితామహులు స్మృతికి వచ్చిరి. వారును ప్లీడరు గుమాస్తాయే. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు గంజాం అప్పీళ్ళు చెన్నపట్టణపు హైకోర్టునకు పోయెడివి, అటుపిమ్మట పాట్నాకు, 1948 జూలై 26 నుండి కటకమునకు. మా ఇల్లు కదలలేదు గాని మూడు హైకోర్టులు మారినవి. మా పితామహులు నడివయసున ఒడియా అక్షరములు దిద్దిరి. అట్లని తెలుగు విడువలేదు. వారి మనుమడనై యుండియు, పరదేశమున కొత్త బడిలో కూర్చున్న బిడ్డను నిందించితిమి.

ఇప్పుడామె పగలు కచ్చేరి పని, రాత్రి ఫ్రెంచి పాఠములు. ఇంగ్లండు పరీక్ష మొదటి భాగము గడచినది. బ్యాంకు అప్పు ఇంకను తీరలేదు. నెలనెలా ఆమెయే కట్టుచున్నది. గత మాసమున ఒక వ్యాజ్యపు కాగితములను వరుసగా కూర్చి అనుక్రమణిక వ్రాసితినని చెప్పుచు, “చిన్నప్పుడు మీ ప్రక్కన కూర్చుండి నేర్చినదే, నాన్నగారూ” అనెను. సిగ్గును సంతోషమును ఒక్కసారే కలిగినవి.

మన సంఘమున బిడ్డలను అమెరికాకు పంపదలచిన తలిదండ్రులకు ఒక విన్నపము. పట్టాకు ఎంత ఖర్చగునని అందరమును అడుగుదుము. సన్నదు ఏ నేలమీద చెల్లును, ఆ నేలభాష బిడ్డకు వచ్చునా అనియు, ఇల్లు తాకట్టు పెట్టకమునుపే అడుగుడు. మేము అడుగలేదు.