నొప్పి తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

కడుపు నొప్పైతే కాస్త వాము నమిలి ఊరుకోవడం, విరేచనాలైతే మజ్జిగన్నంతో సరిపెట్టుకోవడం మన ఆడవాళ్ళకి అలవాటే. అందులోనూ రోజుకి ఎన్నిసార్లు దొడ్లోకి వెళ్తోందో అత్తగారితో చెప్పుకోవాలంటే కొత్త కోడలికి ఎంత సిగ్గు! మా కోడలూ కొన్నాళ్ళు దాచుకుంది. చిక్కి సగమయ్యాక డాక్టరుకి చూపిస్తే క్రోన్స్ జబ్బని తేలింది.

పేగు గోడ వాచి, పుళ్ళు పడే జబ్బు ఇది. దీని తోబుట్టువు లాంటిదే పెద్దపేగుకి వచ్చే అల్సరేటివ్ కొలైటిస్. ఒకప్పుడు ఇవి పాశ్చాత్యుల జబ్బులనేవారు. మన హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనం మాత్రం పట్నాల్లోనే కాదు, మన పల్లెల్లోనూ ఇవి ఉన్నాయని చెప్పింది. పేగు క్షయ కూడా అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది కనుక మొదట్లో కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షించక తప్పదు.

మాది పాతబస్తీలో, గౌలీపురాలో పాతకాలపు ఇల్లు. ఏడుగురికీ కలిపి వాకిలి అవతల ఒకటే మరుగుదొడ్డి. కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రం కావడానికి మందు కలిపిన నీళ్ళు లీటర్ల కొద్దీ తాగి, ఆ రాత్రి ఆ పిల్ల పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు.

ఏడాది మందులు వాడాక మనిషి తేరుకుంది. లాల్‌దర్వాజా బోనాలకి నెత్తిన బోనం పెట్టుకుని నడిచింది కూడా. ఇక బిడ్డ కావాలని ఆశ. "అత్తమ్మా, నాకిప్పుడు నొప్పి లేదు గదా! ఇంకా గోలీలెందుకు? మళ్ళీ ఆ గొట్టం మాత్రం వద్దు" అంది.

డాక్టరమ్మ నవ్వి, "నొప్పి తగ్గడం వేరు, వాపు తగ్గడం వేరు. జబ్బు రేగి ఉండగా గర్భం వస్తే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు భయాలెక్కువ. కొన్ని నెలలు నెమ్మదించాకే బిడ్డ సంగతి. మందులు మీ అంతట మీరు ఆపొద్దు" అని, పేగుకి అల్ట్రాసౌండ్ రాసింది.

కడుపుతో ఉన్నవాళ్ళకి చేసే స్కానింగ్ లాంటిదే. పొట్ట మీద జెల్లీ రాసి చూస్తారు. గొట్టం లేదు, మత్తు లేదు, రేడియేషన్ లేదు. ఆరోగ్యంగా ఉన్న పేగు గోడ మందం మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదట. వాపుంటే మందమవుతుంది, రక్తప్రసారం పెరిగి డాప్లర్‌లో రంగులు కనిపిస్తాయి. మా కోడలికి 5 మిల్లీమీటర్లుంది! మల పరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ కూడా ఎక్కువే వచ్చింది. నొప్పి లేదు, లోపల మాత్రం నిప్పు రాజుకుంటూనే ఉంది.

దీనికీ హద్దులున్నాయి. పురీషనాళం ఇందులో సరిగా కనబడదు, ముక్క తీయడం కుదరదు, చూసేవారికి ప్రత్యేక శిక్షణ కావాలి. లోతుగా చూడాల్సి వస్తే ఎంఆర్ స్కాన్ ఉంది, దానికీ రేడియేషన్ లేదు. బ్రిటన్‌లో 2018లో వెలువడిన పరిశోధనలో చిన్నపేగు క్రోన్స్ ఉన్న ప్రతి నూరుమందిలో ఎంఆర్ 97 మందిని పట్టుకుంటే, అల్ట్రాసౌండ్ 92 మందిని పట్టుకుంది. పొట్ట మీద జెల్లీ రాసి చూసే పరీక్షకి అది తక్కువేం కాదు కదా!

మందు మార్చారు. నాలుగు నెలలకి మళ్ళీ చూస్తే పేగు గోడ 3 మిల్లీమీటర్ల లోపుకి వచ్చింది, రంగులూ పోయాయి. తెర మీద ఆ తేడా తనే కళ్ళారా చూసింది కనుక, గోలీలు వేసుకొమ్మని ఇప్పుడు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఇలాగే ఇంకొన్ని నెలలు నిలకడగా ఉంటే బిడ్డ గురించి ఆలోచించవచ్చంది డాక్టరమ్మ. రేపు కడుపు పండినా ఈ స్కానింగ్ నిర్భయంగా చేయించుకోవచ్చట.

మీ ఇంట్లో ఇలాంటి జబ్బున్న వాళ్ళుంటే, గొట్టానికి భయపడి పరీక్షలు మానెయ్యనివ్వకండి. "పేగుకి అల్ట్రాసౌండ్ చేస్తారా?" అని డాక్టరుని అడగండి. అడగడానికి సిగ్గెందుకు?