లెక్క కుదిరింది... కథే తప్పిపోయింది!

'పాతాళ భైరవి' (1951)లో తోటరాముడు మాంత్రికుడి వెంట వెళుతుంటే "ఒరేయ్ రాముడూ, వాణ్ణి నమ్మకురా!" అని ఎన్నిసార్లు అనుకుని ఉంటాం? రాముడు వింటాడా? వినడు. అదే మన మాట వినే రాముడుంటే?

ఆ సరదాయే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. ఒకడు కథ నడుపుతాడు, మిగిలినవాళ్లు తలా ఒక వీరుడవుతారు. దెబ్బ తగిలిందీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. 'స్ట్రేంజర్ థింగ్స్' (2016) తొలి భాగంలో నలుగురు కుర్రాళ్లు ఆడుతుంటారే, అదేనండీ!

వేసవి సెలవులకి మా మేనల్లుడొచ్చాడు. పన్నెండేళ్లవాడు. వాడి కోసం గైగాక్స్ రాసిన పాత సాహసం 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌లాండ్స్' బయటికి తీశాను. సరిహద్దున ఓ కోట, దాపున రాక్షసుల గుహలు. కథ భేషుగ్గా ఉంది. నిబంధనలతోనే చిక్కు! కవచం గట్టిదయ్యే కొద్దీ దాని అంకె తగ్గుతుందట. దెబ్బదెబ్బకీ పట్టిక చూడాలి. మావాడు ఆవులించాడు.

సరేనని 2020లో యోఖాయ్ గాల్ రాసిన 'కెయిర్న్' పట్టుకున్నాను. బలం, చురుకు, మనోబలం... మూడే గుణాలు. కొడితే తగలాల్సిందే. ఎంత దెబ్బో పాచిక చెబుతుంది, కవచం అందులో కొంత తగ్గిస్తుంది. ఒక్క రాత్రిలో గుహలన్నిటి అంకెలూ మార్చేసి, నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు ఓగర్ అనే రాక్షసుడు ఎదురయ్యాడు. రెండే దెబ్బలు! మావాడి వీరుడు నేలకూలాడు. వాడు అరవలేదు, ఏడవలేదు. పాచికలు నా ముందుకి జరిపి, "నేనింక ఆడను మామయ్యా" అని లేచిపోయాడు. అరిచినా బాగుండేది.

ఆ రాత్రి పాత పుస్తకం మళ్లీ తిరగేశాను. ఓగర్ ఊరికే కొట్టడు. గోబ్లిన్లనే చిన్న రాక్షసులు 250 బంగారు నాణాల సంచి విసిరితేనే సాయానికొస్తాడు. ఇంకెవరైనా ఎక్కువిస్తే అటు తిరిగే వీలూ పుస్తకంలోనే ఉంది! పైగా పాత పద్ధతిలో అనుభవం పెరిగేది ముఖ్యంగా తెచ్చిన బంగారాన్నిబట్టి. చంపితే వచ్చేది తక్కువ. కనక తెలివైనవాడు కత్తి కంటే ముందు నోరు వాడేవాడు.

నేను ఇదంతా చాదస్తమని కొట్టేశాను. మాంత్రికుడికి రాముడితో ఉన్న అవసరం తీసేసి, గడ్డం మాత్రం ఉంచినట్టు! ప్రతి దెబ్బా తగిలే ఆటలో బేరమాడే దారి మూసేస్తే పిల్లాడు ఏంచేస్తాడు?

ఓగర్ ఆశని మళ్లీ కథలోకి తెచ్చాను. కెయిర్న్‌లో అనుభవానికి పాయింట్లు లేవు కనక, తెచ్చిన బంగారంతో కోటలో మంచి కవచం కొనుక్కోవచ్చన్నాను. అక్కయ్యతో చెప్పించి వాణ్ణి బతిమాలి కూర్చోబెట్టాను.

కొత్త వీరుడు. అదే గుహ, అదే ఓగర్. "వాడు నీ నడుముకున్న సంచీకేసే చూస్తున్నాడు" అన్నాను.

మావాడు కాసేపు ఆలోచించాడు.

"వాడికి గోబ్లిన్లు ఎంతిచ్చారు మామయ్యా?"

"రెండొందల యాభై."

"మేం మూడొందలిస్తాం. సగం ఇప్పుడు, సగం పనయ్యాక!"

వీడు తప్పకుండా సినిమా నిర్మాత అవుతాడనుకున్నాను. పాచికలు వేశాం. ఓగర్ ఒప్పుకున్నాడు!

మావాడు ఊరెళ్లి పదిరోజులైంది. నిన్న ఫోను చేసి ముందు అడిగిందేమిటో తెలుసా?

"మామయ్యా, ఓగర్‌కి మిగతా నూటయాభై ఎప్పుడిద్దాం?"