అమ్మీ ‘ఆకలి లేదు’ అన్నప్పుడు

డెబ్బై రెండేళ్ళ వయసులో మా అమ్మీకి రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ అయ్యాక కీమోథెరపీ మొదలయింది. తోబుట్టువులమంతా వంతులు వేసుకుని ఆమె వెంట ఉన్నాము. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైలులో పెట్టాము. ఒక్క పూట కూడా మందు తప్పనివ్వలేదు. అయినా ఒక విషయం మా కంట పడలేదు.

రెండో విడత కీమో అయిన వారానికి అమ్మీ అన్నం ముందు కూర్చుని లేచిపోసాగింది. “ఆకలి లేదు బేటా” అనేది. అది రమజాన్ నెల. రోగులకు అల్లాహ్ సడలింపు ఇచ్చాడని తెలిసినా, రోజాలు తప్పిపోతున్నాయన్న దిగులు ఆమెకు ఉండేది. ఆ బెంగతోనే తినడం లేదని మేము తీర్మానించుకున్నాము. బతిమాలాము. ఒకనాడు ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర, “ఇంత చేసి పెడితే ముట్టుకోవేమమ్మీ?” అని విసుక్కున్నాము కూడా. ఆమె మారు మాట్లాడలేదు.

వుజూలో నోరు పుక్కిలించేటప్పుడు ఆమె ముఖం ముడుచుకునేది. రోజుకు ఐదుసార్లు అది మా ఎదుటే జరిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయనుకుని కాచి ఇచ్చాము.

మూడో విడతకు వెళ్ళిననాడు ఆస్పత్రి నర్సు బరువు చూసింది. మూడు వారాల్లో నాలుగు కిలోలు తగ్గింది. “పెద్దమ్మా, కట్టుడు పళ్ళు తీసి నోరు తెరవండి” అని టార్చి వేసింది. చిగుళ్ళు ఒరుసుకుపోయి ఉన్నాయి. బుగ్గల లోపల ఎర్రని పుండ్లు, నాలుక మీద పెరుగు అంటినట్టు తెల్లని పొర. మేము నిలువునా సిగ్గుపడ్డాము. ఎందుకు చెప్పలేదని అడిగితే, “జబ్బు రొమ్ముకు కదా, నోటి సంగతి డాక్టరుతో ఎందుకులే అనుకున్నాను” అంది. నోరు మానేదాకా ఆనాటి కీమో వాయిదా పడింది.

డాక్టరు ఓపికగా వివరించారు. కీమో మందు వేగంగా పెరిగే కణాల మీద పనిచేస్తుంది. నోటి లోపలి పొర కణాలూ అలాంటివే కనుక అవీ దెబ్బతింటాయి. రక్తపోటు మందులు కొన్ని వృద్ధుల్లో లాలాజలాన్ని ఇంకా తగ్గిస్తాయి. బరువు తగ్గితే కట్టుడు పళ్ళు వదులై ఒరుసుకుంటాయి. నొప్పికి తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే పుండు మానదు. తెల్లని పొర శిలీంధ్రం వల్ల వచ్చిందని దానికి వేరే మందు రాశారు. చికిత్సకు ముందే దంతవైద్యునికి చూపించి ఉంటే బాగుండేదన్నారు.

ఆ రోజు నుండి పుండ్లు మానేవరకు కట్టుడు పళ్ళు పక్కన పెట్టాము. అమ్మీకి ప్రాణప్రదమైన మిస్వాక్ బదులు మెత్తని బ్రష్ ఇచ్చాము. అది ఆమెకు కష్టమే అయింది. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలిపి, వుజూ చెంబు పక్కనే ఉంచాము. ప్రతి నమాజు వేళా పుక్కిలించడం వల్ల మరచిపోయే అవకాశమే లేకపోయింది. కారం, చింతపండు, వేడివేడి వంటకాలు మానిపించాము. నెయ్యి వేసిన మెత్తని పెసరపప్పు ఖిచిడీ, పాలు పోసిన జావ, పెరుగు, బాగా ఉడికించి మెదిపిన గుడ్డు, మసాలా లేని చికెన్ యఖ్నీ కొద్దికొద్దిగా రోజుకు ఆరుసార్లు పెట్టాము. వారానికొకసారి బరువు రాసుకున్నాము. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకురమ్మన్నారు. ఆ మాట గోడ మీద రాసి పెట్టాము.

పండుగనాడు ఖర్జూరం, జీడిపప్పు మెత్తగా నూరి చేసిన షీర్ ఖుర్మా చల్లార్చి ఇస్తే, అమ్మీ గిన్నె ఖాళీ చేసి మళ్ళీ చాపింది. ఆ తరువాతి వారం మూడో విడత కీమో జరిగింది.

మన ఇళ్ళలో పెద్దలు తమ బాధ పిల్లలకు బరువవుతుందని దాచుకుంటారు. వారు ‘ఆకలి లేదు’ అన్నప్పుడు మరో ముద్ద తినమని బలవంతపెట్టే ముందు ఒక్కసారి నోరు తెరిపించి చూడండి. మేము ఆ పని మూడు వారాలు ఆలస్యంగా చేశాము.